చెల్లెలికి దక్కిన దయ

చెల్లెలి పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. పొద్దుటినుంచి ఇంట్లోవాళ్ళు దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు.

పెద్దమ్మి మాత్రం కుట్టుమిషను ముందునుంచి లేవలేదు. స్కూలు యూనిఫారాలకు కాలర్లు వేస్తోంది. కాలు ఆపితే నోరు తెరవాలి. అందుకే ఆపడం లేదు.

"నా పనిగది ఖాళీ చేస్తున్నాను. పిచ్చుక అందులో ఉంటుంది" అన్నాడు ఆమె భర్త.

ఆ మాట ఎదురింటివాళ్ళకు కూడా వినబడే ఉంటుంది. పియానోలకు శ్రుతి చేసేవాడు కాబట్టి అందరూ శ్రుతి మేస్త్రి అనే ఆయనకి రెండు చెవులూ పోయి మూడేళ్ళయింది. తన గొంతు ఎంత పైకి లేస్తోందో తనకే తెలియదు. రహస్యం చెప్పబోతే చాటింపవుతుంది. ఒకప్పుడు పియానోలో ఒక్క తీగ రవ్వంత సడలినా పక్కగదిలోంచి పట్టేసిన మనిషి.

పెద్దమ్మి మిషను ఆపింది. నేల అదరడం ఆగేసరికి ఆయన తల తిప్పి ఆమె పెదవులవైపు చూశాడు.

"ఎన్నాళ్ళు?" అంది ఆమె.

"వేరే చోటు దొరికేదాకా."

"దొరకదు. అది చేసిన పని తెలిశాక ఎవరిస్తారు?"

"తెలిసింది కాబట్టే కదా ఇలా అయింది. ఎవరో సంతకం లేని ఉత్తరం రాసి పడేశారు. బళ్ళో ఉద్యోగం పోయింది, హాస్టల్లో గదీ పోయింది. రాసినవాళ్ళకి ఏం ఒరిగిందో మరి."

పెద్దమ్మి మళ్ళీ సూది కిందికి గుడ్డ తోసింది.

ఆ ఉత్తరం రాసింది ఆమే. రెండు వారాల కిందట చెవిటి పిల్లల బడికి యూనిఫారాల మూట తీసుకెళ్ళినప్పుడు, తల్లిదండ్రుల సంఘంవాళ్ళు ఫిర్యాదులు వేసే డబ్బాలో తన చేత్తోనే వేసి వచ్చింది. చెల్లెలు ఈ ఊరు వదిలిపోతుందనుకుంది. తీరా పెట్టె పట్టుకుని తన గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

గుమ్మం బయట మెట్టుమీద పిచ్చుక కూర్చుని ఉంది. సన్నగా, చిన్నగా ఉంటుందని చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు అది. పెద్దదాన్ని పెద్దమ్మి అన్నాడు. ఒకరికి పేరు దొరికింది, ఒకరికి వరస దొరికింది. నలభై ఏళ్ళు దాటినా పెద్దమ్మి ఆ తేడా మర్చిపోలేదు.

"లోపలికి రావే" అంది అత్తగారు బయటికి తొంగిచూసి. "పెట్టెకి కాళ్ళొచ్చి అదే వస్తుందనుకుంటున్నావా?"

"అక్క చెప్పాలండీ."

"మీ అక్క చెప్పేసరికి నేను పోతాను. నన్ను మోసుకెళ్ళేవాళ్ళు ఆ పెట్టె తగిలి పడతారు. లే."

పిచ్చుక లేవలేదు. పెద్దమ్మి మిషను తొక్కుతూనే ఉంది. చివరికి శ్రుతి మేస్త్రి వెళ్ళి పెట్టె అందుకుని, భార్య పక్కనుంచే మోసుకుంటూ పనిగదిలోకి నడిచాడు. ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే పెద్దమ్మికి అరికాలి మంట నెత్తికెక్కించింది.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. మాట్లాడింది ఇద్దరే. అదీ చేతులతో.

పిచ్చుక వేళ్ళు ఏదో చెప్పాయి. ఆయన వేళ్ళు బదులు చెప్పాయి. మళ్ళీ ఆమె ఏదో అంది, ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. చేతిలో ముద్ద జారి కంచంలో పడింది.

"ఏంటట?" అంది పెద్దమ్మి.

"ఏం లేదక్కా. బళ్ళో ఒక పిల్ల ఉండేది, హెడ్మిస్ట్రెస్‌ని ఎలా చూపిస్తుందో చెప్పాను. ముక్కుమీద కళ్ళజోడు జారినట్టు—"

"సరేలే."

చెల్లెలు ఆ భాష బళ్ళో నేర్చుకుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ప్రతి శనివారం వచ్చి బావకి నేర్పింది. పెద్దమ్మినీ కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. అది నేర్చుకుంటే ఆయన చెవులు ఇక రావని ఒప్పుకున్నట్టేనని మొదట అనిపించింది. తరవాత, ఆ నేర్పే చేతులే ఆ చెవులు తీశాయన్నది అడ్డొచ్చింది. ఏమైతేనేం, ఏడాది తిరిగేసరికి తన ఇంట్లో, తన కంచాల ముందు, తనకు తెలియని భాషలో తన మొగుడు నవ్వుతున్నాడు.

ఆమెకు మిగిలింది పలక. ఆయన పెదవులు పట్టుకోలేకపోయిన మాటల్ని దానిమీద రాసి చూపిస్తుంది. పలకమీద హాస్యాలెవరు రాస్తారు? పాలవాడు వచ్చాడు, మందు వేసుకోండి, మీ అమ్మకి మోకాలు నొప్పి. అంతే.

"ఈ ఇంట్లో చెవులు సరిగ్గా పనిచేసేది నీకొక్కదానికే, కోడలా" అంది అత్తగారు. ఆవిడకీ ఒక చెవి మందమే. "అందుకే పాపం, అన్నీ నీకే వినిపిస్తాయి. అననివి కూడా."

పెద్దమ్మి కంచం తీసుకుని లేచిపోయింది.

వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడింది. ఆసుపత్రి గుర్తొచ్చింది. ఆయన జ్వరంతో పడి ఉన్నాడు. ఆ వార్డులో నర్సు సొంత చెల్లెలే అని ఎంత ధైర్యంగా ఉండేది. తొమ్మిది రోజులు, రోజూ రెండు పూటలు, చెయ్యాల్సిన ఇంజెక్షనుకి రెట్టింపు చేసింది ఆ ధైర్యమే. పొరపాటన్నారు. సరే, పొరపాటే. కానీ తొమ్మిదోరోజున అది పిచ్చుకకు తెలిసింది. తెలిసి చార్టులో అంకెలు దిద్దింది. నింద ఇంకో నర్సుమీదికి పోయింది. పొడుగు నర్సు అనేవాళ్ళు ఆవిణ్ణి. ఆవిడ ఉద్యోగం పోతుంటే పిచ్చుక నోరు మెదపలేదు. రెండేళ్ళు మెదపలేదు.

తరవాత ఒక ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, అందరిముందూ చెప్పుకుని ఏడ్చింది.

గుళ్ళోవాళ్ళంతా దాన్ని దగ్గరికి తీసుకున్నారు. అందరికంటే ముందు తీసుకున్నది ఆయన.

*

మూడు గంటలవేళ పెద్దమ్మి పాస్టరుగారింటికి బయలుదేరింది. ఆయన ఇంట్లో లేరు, గుడి వెనక చిన్నగదిలో ఉన్నారు. మర్నాడు ప్రభు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆదివారం. గిన్నెలూ పళ్ళేలూ బల్లమీద పరుచుకుని మెత్తటిగుడ్డతో తుడుస్తున్నారు. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"మా చెల్లెలికి ఎక్కడైనా ఒక గది చూసిపెట్టండి, అయ్యగారూ."

"మీ ఇంట్లో గది ఇచ్చారని విన్నానే."

"ఇచ్చింది ఆయన. నేను కాదు."

ఆయన స్టూలు చూపించారు. ఆమె కూర్చోలేదు.

"ఒకటడుగుతాను, తప్పుగా అనుకోకండి. దేవుడి దగ్గర న్యాయం ఉందంటారు. ఎక్కడుంది? అది మా ఆయన చెవులు తీసింది. చార్టు దిద్దింది. ఇంకొకరి బతుకు పాడైతే చూస్తూ ఊరుకుంది. ఒకరోజు లేచి ఏడ్చింది, అంతే, మీరంతా ఏడ్చారు. నేను మూడేళ్ళుగా ఆయన్ని చంటిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నాను. పగలంతా మిషను తొక్కుతాను. మా అత్తగారి మోకాళ్ళు ఒత్తుతాను. నాకోసం ఎవరైనా ఏడ్చారా?"

పాస్టరుగారు తుడవడం ఆపారు.

"లేదు" అన్నారు. "నీకోసం ఏడవాలని మాకెవరికీ తోచలేదు. అది మా తప్పే."

ఆమె వాదించడానికి వచ్చింది. ఎదుటివాళ్ళు ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో అనుకుని రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అయితే ఇప్పుడు దానికి శిక్ష లేనట్టేనా?" అంది. ఈసారి గొంతు తగ్గింది.

"ఎవరు చెప్పారు లేదని? అది ఇంక నర్సుగా పనిచెయ్యలేదు. నెలకోసారి ఆ పొడుగు నర్సు ఇంటికి వెళ్తుంది, నీకు తెలుసా? వాళ్ళు తలుపు తియ్యరు. గడప దగ్గర కొంతసేపు నిలబడి తిరిగొస్తుంది. ఏడాదినుంచీ ఇదే. దేవుడు క్షమించాడనే నేను నమ్ముతాను. ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు. మీ ఆయన చెవులూ రాలేదు. అవి రోజూ దాని కళ్ళముందే ఉన్నాయి."

"దాని కళ్ళముందు శనివారం శనివారం ఉన్నాయి. నాకు రోజూ."

"అదీ నిజమే."

"ఇంతకీ ఆయన న్యాయం చేసేవాడా, దయ చూపేవాడా? ఏదో ఒకటి చెప్పండి."

పాస్టరుగారు చీదుకుని రుమాలు జేబులో పెట్టుకున్నారు.

"ఆయన దగ్గర ఆ రెండూ పోట్లాడుకోవమ్మా. పోట్లాట మన దగ్గరే. మనవాళ్ళకైతే దయ అడుగుతాం, గిట్టనివాళ్ళకైతే న్యాయం అడుగుతాం. నేనూ అంతే. మరి నీకోసం ఏం అడుగుతావు?"

ఆ ప్రశ్న మామూలుగానే అడిగారు. పెద్దమ్మి వేలికి చుట్టిన కొంగు విప్పింది. చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఈ గదిలో ఎవరూ లేరు. ఈయన నలుగురికీ చెప్పే మనిషి కాదు.

"చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా?" అన్నారాయన.

"నాకేముంటుంది? తప్పు చెయ్యనివాళ్ళకి మీ దగ్గర పనేముంది?" అని గబగబా మెట్లు దిగిపోయింది.

వెనకనుంచి ఆయన ఏమీ అనలేదు. అని ఉంటే దారిపొడుగునా తిట్టుకోవడానికైనా ఉండేది.

*

ఇంటికి వచ్చేసరికి ఆయన బాగుచేసిన పియానో మెట్లపలకను ఒక బడిలో ఇచ్చిరావడానికి వెళ్ళాడు. పియానో శ్రుతి చెయ్యలేకపోయినా, అందులో చెక్కపనీ ఉన్నిముక్కలు మార్చే పనీ ఇంకా చేస్తాడు. పనిగదిలో పిచ్చుక ఒక్కతే నేలమీద కూర్చుని ఆయన పనిముట్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి సర్దుతోంది. తట్టి స్వరం సరిచూసుకునే శ్రుతిదండాల్ని విడిగా పెట్టింది. వాటిని చూస్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని పెద్దమ్మి మూడేళ్ళుగా ముట్టుకోలేదు.

"వాటిని కదపకు."

"బావే తియ్యమన్నాడక్కా."

పెద్దమ్మి గుమ్మానికి జారబడి నిలబడింది. పిచ్చుక చేతులు తుడుచుకుంది.

"రేపు గుడినుంచి వచ్చాక వెళ్ళిపోతాను. బావకి చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వడు."

"ఎక్కడికి?"

"చూసుకుంటాను."

"ఎందుకు? అక్క ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదని ఊరంతా చెప్పుకోవడానికా? ఇప్పటికి వచ్చిన మంచిపేరు చాలలేదా?"

పిచ్చుక ఇంకో పనిముట్టు అందుకుని గుడ్డలో చుట్టింది. తరవాత తల ఎత్తకుండానే అంది.

"ఆ ఉత్తరంలో మంచం నంబరుంది."

"ఏ ఉత్తరం?"

"హెడ్మిస్ట్రెస్ నాకు చూపించింది. ఆవిడకి నా సంగతి ముందే తెలుసు, చేరినరోజే చెప్పాను. తల్లిదండ్రుల సంఘంవాళ్ళు ఒప్పుకోలేదు, ఆవిడేం చేస్తుంది. అందులో 'పన్నెండో నంబరు మంచం మనిషి' అని రాసి ఉంది. బావకి ఒంటిమీద తెలివి లేదప్పుడు. ఆ నంబరు గుర్తుండేది ఇద్దరికే అక్కా. ఇంజెక్షను చేసినదానికి, పక్కన స్టూలుమీద కూర్చున్నదానికి."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పెద్దమ్మి వీధి తలుపువైపు చూసింది.

"ఆయనకి చెప్పావా?"

"లేదు."

"చెప్తావా?"

"చెప్పను. నేను రెండేళ్ళు దాచినదాన్ని. నువ్వు రెండు వారాలు దాచావు. ఏం మొహం పెట్టుకుని చెప్పను?" ఆగింది. "నాకు నీమీద కోపం లేదక్కా."

అదే అనకూడని మాట. తిట్టి ఉంటే పెద్దమ్మి తట్టుకునేది. జుట్టు పట్టుకున్నా తట్టుకునేది.

"కోపం లేదా? అంటే క్షమించేస్తున్నావా నన్ను? నువ్వు? నన్ను?"

"అలా కాదు—"

"అన్నీ నీకే. నాన్న ఒళ్ళో నువ్వే, పేరు నీకే. తప్పు చేసి కూడా గుళ్ళోవాళ్ళందరి చేతా ఒళ్ళో కూర్చోబెట్టించుకున్నావు. నేను నలభై ఏళ్ళకి ఒక్కటంటే ఒక్క తప్పుడు పని చేశాను. అదీ నాకు చేతకాలేదు. నీకే లాభించింది. నా ఇంట్లో నీకో గది దొరికింది."

అంటూ అంటూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చివరికి వెక్కులోకి తిరిగింది. పిచ్చుక లేచి దగ్గరికి రాబోయింది.

"రాకు" అంది పెద్దమ్మి. "ముట్టుకున్నావంటే ఊరుకోను."

పిచ్చుక అక్కడే ఆగిపోయింది. వీధి తలుపు చప్పుడైంది, ఆయన వచ్చాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమైంది?" అన్నాడు వీధంతా వినబడేలా.

ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

*

ఆదివారం గుళ్ళో ఎప్పటి వరసలోనే కూర్చున్నారు. అత్తగారు, పెద్దమ్మి, శ్రుతి మేస్త్రి, ఆ చివర పిచ్చుక. ప్రసంగమంతా పిచ్చుక ఒళ్ళోనే చేతులు కదిపి ఆయనకి చెబుతోంది. ఆయన అటే తిరిగి ఉన్నాడు. పెద్దమ్మికి కనిపించేది ఆయన మెడ వెనక భాగమే. మొన్న తనే కత్తిరించిన జుట్టు.

సాయంత్రానికి ఇది వెళ్ళిపోతుంది, అనుకుంది. ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ నిందించకుండా. ఆయన వెతుక్కుంటాడు. ఎప్పటికీ వెతుక్కుంటాడు. ఇది ఎంత మంచిదో అని తలుచుకుంటూ ముసలాడైపోతాడు. నేను పక్కన కూర్చుని అది పెట్టిన భిక్ష తింటూ బతకాలి.

"రొట్టె తీసుకునేముందు ఎవరి మనసును వాళ్ళు పరీక్షించుకోండి" అన్నారు పాస్టరుగారు. అందరూ తలలు వంచారు. కాసేపటికి ఆయన రొట్టె పళ్ళెం పట్టుకుని మొదటి వరసనుంచి ఒక్కొక్కరి దగ్గరికీ రాసాగారు.

పెద్దమ్మి భర్త మోచేతిమీద తట్టింది. ఆయన ఇటు తిరిగాడు.

ఎందుకు తట్టిందో అడిగితే ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. దేవుడంటే భయం ఉంది. తనకు తన పనిమీదే రోత ఉంది. చెల్లెలి దయ తనకు అక్కర్లేదన్న పంతమూ ఉంది. ఏది ఎంతో తూచుకునే తీరిక లేదు. పళ్ళెం రెండు వరసల దూరంలో ఉంది.

గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపింది.

"ఆ ఉత్తరం నేనే రాశాను."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అర్థంకాలేదని చెయ్యి తిప్పాడు. ఆమె మళ్ళీ అంది. ఆయన ఇంకొంచెం ముందుకు వంగి ఆమె నోటివైపు చూశాడు. మూడోసారి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాల్సొచ్చింది. చేసిన పనికంటే అలా మూడుసార్లు చెప్పడమే కష్టమనిపించింది.

"ఉత్తరమా?" అన్నాడు ఆయన. "పిచ్చుక ఉద్యోగం పోగొట్టిన ఉత్తరం? నువ్వు రాశావా?"

ఆయన మెల్లగానే అన్నాననుకున్నాడు. గుడి మొత్తం విన్నది. ముందువరసల తలలు వెనక్కి తిరిగాయి. ఎక్కడో ఏడుస్తున్న పసిపిల్ల కూడా ఆగింది. అత్తగారు కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. తిట్టడానికో ఊరడించడానికో తెలియదు, గట్టిగా మాత్రం పట్టుకుంది.

పెద్దమ్మి తల ఊపింది.

శ్రుతి మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఇంకా చెప్పాలనుకుంది. ఎందుకు రాసిందో, ఆ భోజనాల దగ్గర తనకెలా ఉంటుందో, పలకమీద రాయలేనివన్నీ చెప్పాలనుకుంది. పెదవులు విప్పింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఆ మూసిన రెప్పలవైపు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఇంక ఆయనకి ఏ మాటా చేరదు. పిచ్చుక కంగారుగా బావ భుజం కుదిపింది, రెండు చేతులూ ఆయన మొహం ముందుకు తెచ్చింది. ఆయన దానికోసమూ తెరవలేదు.

ఏడాది కిందటి ఆదివారం పెద్దమ్మి కళ్ళముందుకొచ్చింది. ఇదే వరసలో కూర్చున్నారు. పిచ్చుక లేచి నిలబడి మొత్తం చెప్పుకుంది. అప్పుడింకా ఆయనకి పెదవులు చదవడం సరిగ్గా రాదు. అయినా చివరి మాటదాకా రెప్ప వాల్చకుండా చూశాడు.

దాన్ని చూశాడు, అనుకుంది పెద్దమ్మి. అంతటి తప్పుకీ దాన్ని చూశాడు.

పాదాల చప్పుడు ఆమె ముందు ఆగింది. పాస్టరుగారు రొట్టె పళ్ళెం పట్టుకుని వంగి నిలబడ్డారు. ఆయన కూడా విన్నారు, వినకపోవడానికి లేదు. అయినా పళ్ళెం వెనక్కి తియ్యలేదు, తీసుకోమనీ అనలేదు.

వెనక వరసలు ఎదురుచూస్తున్నాయి. పెద్దమ్మి ఒకసారి పళ్ళెంవైపు, ఒకసారి పక్కన మూసుకున్న కళ్ళవైపు చూసింది. ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

పాస్టరుగారు పక్కకి జరగలేదు.